పుల్‌పిట్ మీంచి చదివిన పదకొండు పేర్లు

ఎడిసన్‌లో మా తెలుగు చర్చికి వచ్చే పెద్దవాళ్ళలో పర్సిస్ అక్క దగ్గర వేలు పొడిపించుకోనివాళ్ళు లేరు. గుడివాడలో నర్సింగ్ చదివిన మనిషి, ఇక్కడి ఆసుపత్రిలో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తోంది. నెలకి రెండు ఆదివారాలు ఆరాధన అవగానే చర్చి బేస్‌మెంట్‌లో బల్ల వేసుకుని బీపీ, షుగర్ చూస్తుంది. ఇన్సూరెన్స్ లేనివాళ్ళకి ఆమే డాక్టరు. పక్కన కూర్చుని పేర్లు రాసేదాన్ని నేను, నవోమిని. ఎవరి సంగతైనా ఆరా తీయకపోతే నాకు అన్నం సహించదు.

పోయినేడాది కౌంటీ వాళ్ళు, అంటే మన జిల్లా ఆఫీసు లాంటివాళ్ళు, ఇలాంటి పనులకి గ్రాంట్ ఇస్తామన్నారు. రిజిస్టరైన సంస్థకే ఇస్తారట. మాకో బల్ల, నలుగురు మనుషులు తప్ప సంస్థ ఎక్కడేడిసింది? చివరికి నెవార్క్‌లో ఒక నాన్‌ప్రాఫిట్ సేవాసంస్థ మాకు ఫిస్కల్ స్పాన్సర్‌గా ఉంటానంది. గ్రాంట్ వాళ్ళ పేరున వస్తుంది, మా ఖర్చులు వాళ్ళు కడతారు, కౌంటీకి జవాబూ వాళ్ళే చెబుతారు. అందుకు వందకి పది ఉంచుకుంటారు. మన కూర వాళ్ళ పొయ్యి మీద వండుకోవడమన్నమాట.

"ముక్కూ మొహం తెలియనివాళ్ళకి పొయ్యెందుకిస్తారక్కా? ఆ పది డాలర్ల కోసమేనా?" అని అడిగాను.

"అలాంటి పనులు చేయించడమే వాళ్ళ పనంట. మనం అంటిస్తే మాత్రం కాలేది వాళ్ళిల్లే. అందుకే అంత పెద్ద అగ్రిమెంట్" అంది.

ముప్పై పేజీలూ కూర్చుని చదివాను. ఎవరి ఆరోగ్యం సంగతీ బయటపెట్టకూడదని పదిచోట్ల ఉంది. అక్కకి తెలియదా? ఆసుపత్రి లిఫ్ట్‌లో కూడా పేషెంట్ పేరెత్తదు. చర్చి అనేసరికి మాత్రం సొంతిల్లు అనుకుంది. షుగర్ ఎక్కువున్న పదకొండు మంది పేర్లూ, పక్కనే ఎంతెంతుందో చీటీ మీద రాసి, ప్రార్థన చేయమని పాస్టర్ అయ్యగారికిచ్చింది. మన చర్చిల్లో ఎవరికి జబ్బు చేసినా పాస్టర్ ప్రసంగించే పుల్‌పిట్ మీంచి చెప్పడం మామూలే కదా! ఆయన గట్టిగా చదివేశారు: "పాపయ్య గారికి షుగర్ మూడు వందల నలభై. సంఘమా, భారంతో ప్రార్థిద్దాం."

పాపయ్య గారు ఓక్ ట్రీ రోడ్‌లో కిరాణా షాపులో బియ్యం బస్తాలు మోస్తారు. ఆ షాపు ఓనరమ్మ ఆ రోజు మూడో వరసలోనే కూర్చుంది. తరవాత ఆయన చర్చికి రావడం మానేస్తే నేనే ఫోన్ చేశాను. "ఒంట్లో బాగాలేదంటగా, రెస్ట్ తీసుకోమని వారానికి మూడు రోజుల పని తీసేసిందమ్మా" అన్నారు. ఆ మాట చెప్పగానే అక్క, జరిగింది స్పాన్సర్‌కి చెప్పాలంది.

"తెలుగులో చదివింది నెవార్క్ వాళ్ళకెలా తెలుస్తుంది సిస్టర్? లైట్ తీసుకోండి" అన్నాడు చర్చి ట్రెజరర్ కృపావరం. అబద్ధమెందుకు, ఆ మాట నాకూ నచ్చింది. అక్క అతని ముందే ఫోన్ తీసి స్పాన్సర్‌కి జరిగిందంతా చెప్పేసింది. వాళ్ళు బల్ల ఆపించారు. పదకొండు మందినీ కలిసి తప్పు ఒప్పుకోవాలి, బల్ల మళ్ళీ వేయొచ్చని సంతకాలు తీసుకోవాలి, ఒక్కరు వద్దన్నా అగ్రిమెంట్ రద్దు అన్నారు.

పదిమంది "ప్రార్థనేగా, దానికేముందమ్మా" అని సంతకాలు పెట్టేశారు. మిగిలింది పాపయ్య గారు. షాపు వెనక బస్తాల గదిలో అక్క ఆయన ముందు చేతులు జోడించింది.

"తప్పు నాదే బాబాయ్ గారూ. ఓనరమ్మతో మాట్లాడమంటారా?"

"మాట్లాడింది చాలు!" అని కసిరారు. "మా అల్లుడికి కూడా చెప్పుకోలేదు నేను. నిన్ను నమ్మి వేలిచ్చాను."

అక్క ఏడ్చేసింది. నాకూ కళ్ళనీళ్ళు ఆగలేదు. ఇష్టం లేకపోతే వద్దని రాయొచ్చని చెప్పి కాగితం ఆయన చేతికిచ్చింది. ఆయన దాన్ని బస్తా మీద పరిచి, సంతకం పెట్టారు.

"క్షమించి పెట్టలేదమ్మా. మీ బల్ల ఎత్తేస్తే నాకు ఇంకో చోటు లేదు." కాగితం తిరిగిచ్చి అడిగారు. "షుగర్ మిషన్ తెచ్చావా?"

నన్ను బయటికెళ్ళమని తలుపేశారు. పది నిమిషాలకి అక్క వచ్చింది.

"ఎంతొచ్చిందక్కా?" అన్నాను.

అక్క నావైపు చూసింది. ఇన్నేళ్ళలో నన్నెప్పుడూ అలా చూడలేదు. సిగ్గుతో తల దించుకుని వెళ్ళి కారెక్కాను.