పోశెట్టి సారు గేయాల కోసం బోధన్ దాకా

పోశెట్టి సారును నేను ఒక్కసారే చూశాను. ఆర్మూర్ దగ్గర హాస్టల్లో ఉండి మూడో తరగతి చదువుతున్నప్పుడు, ఒక శనివారం మధ్యాహ్నం గుడ్డసంచి భుజానికి వేసుకుని మా బడికి వచ్చాడు. మమ్మల్నందరినీ నేల మీద కూర్చోబెట్టి తాను రాసిన గేయాలు పాడించాడు. పోయేటప్పుడు డబ్బులు లేని పిల్లలకు కూడా తలా ఒక చిన్న పుస్తకం ఇచ్చాడు. దాని వెనక అట్ట మీద ఆయన చిరునామా, కింద ఒక మాట: ‘చదివిన పిల్లలు కార్డు ముక్క రాయండి. జవాబు తప్పక రాస్తాను.’ నేను రాయలేదు. రాద్దాం రాద్దాం అనుకుంటూనే పెద్దదాన్నయ్యాను, హైదరాబాదులో టీచరునయ్యాను, ఆ పుస్తకం కూడా ఎక్కడో పోగొట్టుకున్నాను. మొన్న నా క్లాసు పిల్లలకు ఆయన గేయం ఒకటి నేర్పాలని ఎంత వెతికినా ఎక్కడా దొరకలేదు. నిజామాబాద్‌లో ఉన్న పాత స్నేహితురాలికి ఫోన్ చేస్తే, ‘ఆయన పోయి ఎనిమిది నెలలయింది కదనే’ అంది. ఫోన్ పెట్టేశాక ఈ సంగతి చెప్పుకోవడానికి గదిలో ఎవరూ లేరు. ఫిబ్రవరి రెండో శనివారం సెలవు చూసుకుని బయల్దేరాను.

జూబ్లీ బస్‌స్టేషన్ నుంచి నిజామాబాద్‌కు తెల్లవారుజాము నుంచే బస్సులుంటాయి. ఆడవాళ్లు ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్‌తో ఉచితంగా పోవచ్చు. నేను అయిదున్నర బస్సెక్కితే దిగేసరికి తొమ్మిదిన్నర దాటింది. కామారెడ్డి దాటాక ఎండ వచ్చింది. పక్క సీటు దారి పొడవునా ఖాళీగానే ఉంది. నిజామాబాద్‌లో దిగగానే పసుపు వాసన. మార్కెట్ యార్డుకు పోయే ట్రాక్టర్లు రోడ్డు నిండా ఉన్నాయి. బస్టాండు ఎదురుగా ఉప్మా తిని, స్నేహితురాలు చెప్పిన గుర్తులు పట్టుకుని, సారు పుస్తకాలు అచ్చువేసిన ప్రెస్సు కోసం వెనక సందుల్లోకి నడిచాను. అది ఇప్పుడు పెళ్లిపత్రికల దుకాణం. యజమానికి నా వయసే ఉంటుంది. సారు పేరు చెప్పగానే కంప్యూటర్ ముందు నుంచి లేచి నాకు కుర్చీ వేశాడు.

“మా బాపు కాలం నుంచి ఇక్కడ్నే అచ్చేపిస్తుండె మేడం. ఏడాదికొక పుస్తకం. బోధన్ చక్కెర ఫ్యాక్టరీల బోనస్ రాంగనే సీదా ఇక్కడికే వచ్చెటోడు. ఇంటికి సుత పోకపోయేది.”

“మరి ఫ్యాక్టరీ మూతపడ్డాక?”

“అప్పుడు సుత వచ్చెటోడు. కొత్తయి రాసినయి సదివి వినిపించెటోడు, మల్ల సంచిల పెట్టుకొని పోయెటోడు. ఉత్తగనే అచ్చేస్త సారూ అంటె ఒప్పుకోలె.” నేను అడగకముందే చెప్పాడు. “మా దగ్గర ఒక్క పుస్తకమన్న లేదు మేడం. పాత కాయితమంత కిలోల లెక్క అమ్మేసినం. తప్పయింది.” సారు భార్య గంగామణి ఎడపల్లిలో ఒక్కతే ఉంటోందని, స్టేషన్‌కు పోయే తొవ్వలో ఎవరినడిగినా ఇల్లు చూపిస్తారని చెప్పింది ఆయనే.

ఎడపల్లి బోధన్ దారిలోనే వస్తుంది. కానీ ముందు సారు పనిచేసిన చోటు చూడాలనిపించి నేరుగా బోధన్‌కే పోయాను. గంట లోపే ప్రయాణం, అరగంటకొక బస్సయినా ఉంటుంది. బోధన్ బస్టాండు నుంచి శక్కర్‌నగర్‌కు షేర్ ఆటో దొరుకుతుంది. ఫ్యాక్టరీ గేటుకు తాళం, లోపల నడుము ఎత్తు గడ్డి, దాని మీద తుప్పు పట్టిన రేకుల షెడ్లు. ఫొటోల కోసం వచ్చేవాళ్లకు చెబుతున్నాను, లోపలికి పోనివ్వరు. రోడ్డు మీది నుంచి చూసి రావడమే. గేటుకు కాస్త దూరంలో ఉన్న చాయ్ బండి ముసలాయన ఒకప్పుడు ఇక్కడే చెరుకు దించే కూలీ అట.

“పోశెట్టి సారు కాంట మీద కూసునెటోడు. బండ్లు తూకమేసి చిట్టీ రాసిచ్చుడు ఆయన పని,” అన్నాడు చాయ్ పోస్తూ. “గప్పుడు ఎడ్లబండ్లు గీడికెల్లి ఊరి దాకా బారు గట్టెటియి. రైతుల పిల్లలు సుత బండ్ల మీద వచ్చి పొద్దంత ఎండల ఉండెటోల్లు, ఏడ్సెటోల్లు. సారు తిండి గంటల బయటికొచ్చి గా పిల్లలకు పాటలు కట్టి చెప్పెటోడు. పాత చిట్టీల ఎనక రాసెటోడు. ఆఫీసరు ఒకసారి కోపానికొచ్చిండు. అయినా ఇడ్సలే.”

“మీకేమన్నా గుర్తున్నాయా?”

“నాకేడ గుర్తుంటయమ్మా. నేను చెరుకు కట్టలు మోసెటోన్ని.”

రెండింటికి తిరుగు బస్సెక్కి ఎడపల్లిలో దిగాను. గంగామణి అవ్వ వాకిట్లో మంచం మీద చాటలో చింతపండు గింజలు తీస్తోంది. నేను హైదరాబాద్ నుంచి సారు గేయాల కోసం వచ్చానంటే చాలాసేపు నా మొహమే చూసింది. లోపలికి తీసుకుపోయి గోడకున్న అల్మారా తెరిచింది. అచ్చయిన పుస్తకాలన్నీ పిల్లలకే పంచేశాడట, మూడు నోటుబుక్కులే మిగిలాయి. చేతిలోకి తీసుకుంటే పొడి రాలింది. చెదలు అక్షరం మిగల్చలేదు.

“నాకు సదువు రాదు బిడ్డా. లోపల తింటున్నయని ఎరుకలే. పైకి మంచిగనే కనవడ్డయి.”

మళ్లీ వాకిట్లోకి వచ్చాం, అవ్వ చాట ముందేసుకుంది. ఆమెకు పిల్లల్లేరు. సారు పాటలన్నీ ముందు వినేది ఆమేనట. అన్నం తినేటప్పుడు పాడి వినిపించేవాడట, ఆమె నవ్వితే ఉంచేవాడు, నవ్వకపోతే కొట్టేసేవాడు. పోస్టుమాన్ వచ్చే వేళకు రోజూ వాకిట్లో కూర్చునేవాడట. “మొదట్ల సంచి నిండ కార్డులొచ్చెటియి. రాను రాను రాలే. అయినా కూసునుడు ఇడ్సలే.” నేను కార్డు రాయలేదని చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను. అవ్వ కోప్పడలేదు. “చిన్నపోరివి. ఆయనకేమన్న కోపమా?” అంది.

అప్పుడే తట్టింది. అవ్వా, విన్నవి గుర్తున్నాయా అని అడిగాను. చాట పక్కన పెట్టి, గొంతు సవరించుకుని, కళ్లు మూసుకుంది.

“బారు కట్టి బండ్లు నిలిచె,
బండి కింద నీడ నిలిచె,
చెరుకు తీపి చీమకెరుక,
చిన్న ఆకలి ఎవరికెరుక?”

నేను రాసుకుంటూ పోయాను. సాయంత్రం అయిదయ్యేసరికి పదకొండు గేయాలయ్యాయి. ఆయన పోయినంక ఒక్కటి సుత పైకి అనలేదు, ఎవరికని అనాలె అంది అవ్వ. పన్నెండోది ఫ్యాక్టరీ సైరన్ కూత ఆగిపోయాక సారు రాసిందట.

“కూత ఆగిన ఊరిలోన
కోడిపుంజుకు పని పెరిగె,
లేవరా అని అరచి అరచి
గొంతు కాస్తా బొంగురాయె...”

అక్కడ ఆగింది. ఇంకా నాలుగు వరుసలున్నాయట. మొదటి నుంచి మళ్లీ అంది, మళ్లీ అక్కడే ఆగింది. లేచి చాయ్ పెట్టింది, వాకిలి ఊడ్చింది, పెదాలు కదుపుతూనే ఉంది. చివరికి మంచం అంచున కూర్చుంది.

“పోయింది బిడ్డా. మొన్నటిదాంక ఏదన్న మరిస్తె ఆయన్నే అడుగుతుంటి.”

ఏడు గంటల బస్సుకు నిజామాబాద్ వచ్చి, రాత్రి బస్సులో హైదరాబాద్ చేరాను. ఆ నాలుగు వరుసలు నేను కల్పించి రాయగలను, పిల్లలకు పాఠాలు చెప్పేదాన్నే కదా. రాయలేదు, పేజీలో ఖాళీ వదిలేశాను. ఒక మనిషి జీవితమంతా పిల్లల కోసం రాశాడు. విన్న పిల్లలం పెద్దవాళ్లమై ఎవరి దారిన వాళ్లం పోయాం. చివరికి ఆ రాతలన్నీ చదువు రాని ఒక్క మనిషిలో మిగిలాయి. ఆమె వాటిని రోజుకు కొంచెం కొంచెంగా ఒంటరిగా పోగొట్టుకుంటోంది. సోమవారం క్లాసులో ఎడ్లబండ్ల పాట నేర్పాను. ముప్పై నాలుగు మంది పిల్లలు, తలా ఒక పోస్టుకార్డు రాశారు. అన్నీ గంగామణి అవ్వ పేరు మీదే పంపాను. ఆమెకు చదివి వినిపించమని ప్రెస్సాయనకు ఫోన్ చేసి చెప్పాను. ఆదివారం పోతానన్నాడు.

మీరు అటు వెళ్లేటట్టయితే ఒక్క సూచన: ఎడపల్లికి మధ్యాహ్నం మూడు లోపే చేరుకోండి. అవ్వ పొద్దుగూకాక పాడదు. నోటుబుక్కు పెద్దదే తీసుకెళ్లండి.