నా తర్వాత ఆ పాత్ర

టీబీ పూర్తిగా తగ్గిందని డాక్టరు చెప్పిన రోజు ఆ సంతోషం పంచుకోవడానికి నాకు మనిషి దొరకలేదు. జబ్బు బయటపడగానే మాదాపూర్ హాస్టల్లో నా మంచం ఖాళీ చేయించారు. లింగంపల్లిలో ఒంటిగది తీసుకుని, ఆఫీసు పని అక్కడి నుంచే చేస్తూ, మందులు మింగుతూ గడిపాను. చర్చి వాట్సాప్ గ్రూపులో నా కోసం ప్రార్థనలకు కొదవలేదు. నా గుమ్మం తొక్కినవాళ్లు మాత్రం లేరు.

తగ్గాక కూకట్‌పల్లిలోని మా చర్చికి మళ్లీ వెళ్లడం మొదలుపెట్టాను. అందరూ వందనాలు చెప్పారు, దూరం నుంచే. నేను కూర్చున్న బెంచీలో ఇంకెవరూ కూర్చోలేదు. నాది ఊరుకునే నోరు కాదు. అయినా ఎవరూ పల్లెత్తు మాట అననప్పుడు ఏమని పోట్లాడను? అంతకుముందు నేను చెప్పే సండే స్కూలు క్లాసు కూడా తిరిగి ఇవ్వలేదు, విశ్రాంతి తీసుకోమన్నారు. ఆ విశ్రాంతితోనే చస్తున్నానని చెప్పాలనిపించింది.

పిల్లలకు చెబుదామని జబ్బుకు ముందే మొదలుపెట్టిన పాఠం బైబిల్లో యాజకుల, అంటే ఆనాటి పూజారుల, పనుల గురించి. బలిపీఠం మీద నిప్పు ఆరకుండా చూడడం, ధూపం వేయడం, ప్రజలను దీవించడం. మళ్లీ చదువుతుంటే లేవీయకాండంలో ఒక పని దగ్గర ఆగిపోయాను. కుష్ఠు తగ్గిన మనిషి జనం ఉండే పాళెంలోకి తనంతట తాను వచ్చేయకూడదు. యాజకుడే పాళెం దాటి అతని దగ్గరికి వెళ్లాలి. నయం చేయడం యాజకుడి వల్ల కాదు. వెళ్లి చూసి, ఇతను శుద్ధుడని చెప్పడమే అతని పని. ఆ గదిలో ఒక్కదాన్నే కూర్చుని చాలాసేపు ఏడ్చాను.

మా పాస్టరుగారు తెలంగాణ మనిషి, బాగా మెతక. ఆరాధన అయ్యాక ఆయన్ని పట్టుకుని, నాకు తగ్గిందని అందరి ముందూ ఒక మాట చెప్పమని అడిగాను.

"డాక్టరే చెప్పిండు కదమ్మా, ఇగ నేనేం చెప్పాలె? జర ఓపిక పట్టు," అన్నారు.

"డాక్టరు నాకు చెప్పాడండి అయ్యగారూ. వీళ్లకి చెప్పాల్సింది మీరు."

అంతటితో ఆగక, తాతకు దగ్గులు నేర్పినట్టు, పాస్టరుకే లేవీయకాండం అప్పజెప్పాను. ఆయన తల దించుకున్నారు. సరేనని మాత్రం అనలేదు.

నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల. మా చర్చిలో ఇప్పటికీ అందరికీ ఒకటే పాత్ర. ముందుకు వెళ్లి మోకాళ్లూనితే, రొట్టె ఇచ్చాక ఆయన ఒక్కొక్కరికీ ద్రాక్షరసం తాగించి, అంచు తుడిచి పక్కవాళ్లకు అందిస్తారు. నా తర్వాత తాగాల్సినవాళ్ల ముఖం చూసే ధైర్యం లేక నేను చివరి బెంచీలోనే ఉండిపోయాను. మిగిలిన రసం పాస్టరే తాగి పాత్ర ఖాళీ చేయాలి, అది ఆచారం. అందరూ వచ్చి కూర్చున్నాక ఆయన పాత్ర ఎత్తారు. ఇక నా వంతు లేదనుకున్నాను.

ఆయన తాగలేదు. రొట్టె పళ్లెం ఒక చేత్తో, పాత్ర ఒక చేత్తో పట్టుకుని మెట్లు దిగి, బెంచీల మధ్య నుంచి నడుచుకుంటూ నా దగ్గరికి వచ్చారు. రొట్టె ఇచ్చి, పాత్ర నా పెదవులకు అందించారు. తుడిచే గుడ్డ ఆయన మణికట్టు మీదే ఉంది. దాన్ని ముట్టుకోకుండా, నేను తాగిన వైపు నుంచే మిగిలిందంతా తాగేశారు.

"ఈమెకు తగ్గింది," అన్నారు, అందరికీ వినబడేలా.

నా ముందు బెంచీలో ఒకావిడ జరిగి చోటిచ్చింది. నేను బైబిలు తీసుకుని లేచాను.