జీడినూనె తాగిన బండి

మొన్నీమధ్య మా అక్క కూతురు కొత్త కారు కొనుక్కుని, ముందుగా పిన్నినే ఎక్కించుకోవాలని నర్సీపట్నం వచ్చింది. బలిఘట్టం దాకా ఓ తిప్పు తిప్పి తీసుకొస్తానంటే ఎక్కి కూర్చున్నాను. ఎంతసేపటికీ బండి మోగదే! ఎండలో మాడ్చేస్తావా, స్టార్టు చెయ్యవేం అని కసిరాను. అది పడీపడీ నవ్వి, స్టార్టయ్యే ఉంది పిన్నీ అంది. నమ్మలేక ముందున్న డాష్‌బోర్డు మీద అరచెయ్యి ఆనించి చూశాను. వణుకన్నది లేదు. నాకు మాత్రం ఒళ్ళు ఝల్లుమంది.

నా ఈడు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, రెండువేలు దాటిన ఆ కొత్తలో ఇంటి ముందు పెద్ద డీజిలు బండి ఉంటే ఆ వీధి మొత్తానికి గొప్ప. మా నాన్న రిటైరయ్యాక అలాంటిది పాతది ఒకటి కొన్నాడు. వస్తువంటే నాన్నకి ప్రాణం; తడిసిన గొడుగు ఆరబెట్టి మడతపెట్టేదాకా కాఫీ కూడా ముట్టుకోని మనిషి. మా వైపు ఇంటి వాసాలకీ తలుపులకీ చెదలు పట్టకుండా వానలకి ముందు జీడినూనె పూస్తారు కదా, జీడిపెంకుల్లోంచి తీసే ఆ నల్లటి నూనె చేతికంటితే తోలు ఊడి వస్తుంది. అయినా నాన్న చేతులకి గుడ్డలు చుట్టుకుని ఆ పని తనే చేసుకునేవాడు, ఇంకొకళ్ళు చేస్తే నచ్చేది కాదు.

అక్క అప్పుడు కొండ మీద చింతపల్లిలో నర్సు. తొలికాన్పు పుట్టింట్లోనే జరగాలని అమ్మ పట్టు, అక్కని కొండ మీంచి మన బండిలోనే దింపి తీసుకురావాలని నాన్న పట్టు. సరిగ్గా అప్పుడే ఆ బండికి వణుకు మొదలైంది. మామూలు వణుకా అది! నిలబెట్టి ఉంచితే అద్దంలో మొహం రెండుగా కనిపించేది, వెనకసీట్లో పెట్టిన టిఫిన్ క్యారేజీ తనంతట తనే గలగలలాడేది. రోడ్డెక్కి పరుగందుకుంటే కాస్త తగ్గేది, మళ్ళీ ఆగితే మళ్ళీ అదే ఊపు. నేను రోలుగుంట బళ్ళో కొత్తగా టీచరుగా చేరిన రోజులవి, నాన్న దింపిన రోజల్లా బళ్ళో సుద్దముక్క పట్టుకుంటే వేళ్ళు జివ్వుమంటూనే ఉండేవి. నిండు చూలాలిని ఇందులో ఎలా తెస్తారని అమ్మ ఏడుపు.

అమ్మ తమ్ముడు, అంటే మా మావయ్య, లారీల మీద పెరిగిన మనిషి. డీజిల్లో నీళ్ళు కలిశాయన్నాడు, ఫిల్టరు మార్చాడు. తగ్గలేదు. ఇంజెక్టర్లన్నాడు, అవీ విప్పి శుభ్రం చేయించాడు. ఏటి దీని రోగం అని బండినే తిట్టాడు. చివరికి మా చర్చి పాస్టరుగారు వచ్చి బానెట్ మీద చెయ్యి వేసి ప్రయాణం కోసం ప్రార్థన చేశారు. ఇంజిను ఆపడం ఎవరికీ తట్టలేదు. ఆయన చెయ్యీ, చేతిలో బైబిలూ, గొంతూ అన్నీ కలిసి వణుకుతుంటే నేను నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయాను.

ఆ మర్నాడే నాన్న కొండెక్కాలి. బయల్దేరే ముందు ఆఖరిసారి చూద్దామని మావయ్య బానెట్ ఎత్తించి, నాన్నని ఎక్సలేటరు తొక్కమన్నాడు. తొక్కగానే అంత బరువు ఇంజినూ ఒక పక్కకి అమాంతం పైకి లేచింది. నేను కెవ్వుమన్నాను. మావయ్య ఆపు, ఆపు అని అరిచి, ఇంజిను కింద జాకీ, చెక్కదిమ్మ పెట్టి లోపలికి దూరాడు. ఇంజిను అదురు బండికి తగలకుండా దాని కింద రబ్బరు దిమ్మలుంటాయట. గట్టిగా ఉండాల్సిన ఆ రబ్బరు, మావయ్య బోల్టు విప్పేసరికి, ముదిరిన బెల్లంపాకంలా సాగుతూ చేతికొచ్చింది. వాసన చూసి మావయ్య తల బయటికి పెట్టాడు.

"దీనికేటి రాసేరు బావా?"

"జీడినూనేరా, తుప్పట్టకుండా ఏటా రాస్తన్నాను" అన్నాడు నాన్న. ఆ గొంతులో ఎంత మురిపెమో!

మావయ్య మళ్ళీ కిందికి దూరి, చక్రాల దగ్గర బ్రేకులకెళ్ళే రబ్బరు గొట్టాన్ని వేళ్ళతో నొక్కి చూపించాడు. అదీ ఆ నూనె తాగి ఉబ్బి, మెత్తబడి, వేలు దిగిపోతోంది. ఘాటురోడ్డు దిగుతూ నాలుగు మలుపుల్లో గట్టిగా బ్రేకు తొక్కితే ఇది పగిలిపోయేదని మాత్రం అన్నాడు. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాన్న ఆ నల్లటి రబ్బరు వంకా, తన చేతుల వంకా చూసుకుంటూ అలాగే మట్టిలో చతికిలబడ్డాడు. నా బిడ్డని నేనే చంపుకునేవాణ్ణి అన్నాడు. అంత మాట ఆ మనిషి నోట నేను ఎన్నడూ వినలేదు.

విశాఖపట్నం నుంచి బస్సులో కొత్త రబ్బర్లూ గొట్టాలూ వచ్చాయి. అవి బిగించేలోగా నాన్న కిరసనాయిలు గుడ్డతో బండి అడుగంతా తుడిచాడు, అరచేతులు బొబ్బలెక్కినా ఆపలేదు. బిగించాక బండి గమ్మున నిలబడింది. దాన్ని కొండ మీదికి తీసుకెళ్ళే ముందు మా అందరినీ పిలిచి, అక్కకి మాత్రం చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. అక్క దిగొచ్చి, దారంతా కిరసనాయిలు కంపే, ఈ నాన్న పిచ్చి శుభ్రం ఎప్పటికి తగ్గుతుందోనని వేళాకోళం ఆడింది. నాన్న తల వంచుకుని నవ్వాడు. ఆ వారంలోనే పుట్టింది ఈ పిల్ల.

నాన్న పోయాడు, మావయ్యా పోయాడు, ఆ బండి తుక్కుకి వెళ్ళిపోయింది. ఇప్పటి బళ్ళు ఎంత బాగుంటాయో, ఒళ్ళు కదలదు, మాట వినబడుతుంది. కానీ నాకు ఆ నిమ్మళమే భయం. ఆనాడు ఆ బండి అంతలా వణక్కపోతే మేం బానెట్ ఎత్తేవాళ్ళమే కాదు, నాన్న సంతోషంగా ఈల వేసుకుంటూ కొండెక్కేవాడు.

ఏటి పిన్నీ ఆలోచిస్తన్నావు అని అడిగింది పిల్ల, స్టీరింగు మీద చేతులు వేసి. ఏం లేదే అన్నాను. ఒట్టు నాన్నకి వేసిందాయె. డాష్‌బోర్డు మీంచి చెయ్యి తీసి దాని భుజమ్మీద వేసి, నెమ్మదిగా పోనియ్యి అన్నాను.