తెర మీద బిగుసుకుపోయిన హెడ్ మేడం

చిల్లకల్లు దగ్గర మా బడిలో నేను టీచరుగా చేరిన ఏడాదే హెడ్ మేడం రిటైరయ్యారు. సన్మాన సభకి వీడియో చేసే పని నేనే నెత్తినేసుకున్నాను. ఫోన్లో తీసిన క్లిప్పులన్నీ కలిపి, క్వాలిటీ తగ్గకూడదని 4కెలో, సెకనుకి అరవై ఫ్రేములతో ఎక్స్‌పోర్ట్ చేశాను. నా కొత్త ల్యాప్‌టాప్‌లో ఎక్కడా తడబడకుండా ఆడింది.

తీరా సభలో ప్రొజెక్టర్ వైరు నా ల్యాప్‌టాప్‌కి పట్టలేదు. గత్యంతరం లేక బడిలోని పాత కంప్యూటర్లో వేశాం. మేడం వేలెత్తి పిల్లల్ని గదమాయించే చోటికి వచ్చేసరికి అంత బరువైన ఫైలు దానికి మోయలేనిదై, బొమ్మ కాస్తా బిగుసుకుపోయింది. గొంతు మాత్రం స్పీకర్లో ఖంగుమంది.

"ఎవర్రా అక్కడ మాట్లాడేది?"

అంతే! గోలగోలగా ఉన్న పిల్లలంతా ఠక్కున నోటిమీద వేలేసుకున్నారు. వేదిక మీద ఫోన్ మాట్లాడుతున్న పెద్దాయన కూడా గబుక్కున కట్ చేసేశారు. నేను చెమటలు కక్కుతూ మౌసు నొక్కుతుంటే, వేదిక దిగివచ్చిన అసలు మేడం నా చెయ్యి పట్టి ఆపారు.

"ఉండనీ అమ్మాయ్! నా సర్వీసు మొత్తంలో వీళ్ళింత బుద్ధిగా ఉండటం ఇదే మొదలు."

సభంతా ఒకటే నవ్వులు.

మర్నాడు ఫైలు తేలికయ్యేలా వీడియో క్వాలిటీని 720పికి, ఫ్రేముల్ని ముప్ఫైకి తగ్గించి మళ్ళీ ఎక్స్‌పోర్ట్ చేశాను. ఈసారి ముందు ఆ పాత కంప్యూటర్లోనే ఆడించి చూసుకున్నాను. అప్పట్నుంచీ ఏ వీడియో చేసినా దాని అనుమతి తీసుకోవాల్సిందే.

జగ్గయ్యపేటలో మేడం ఇంటికెళ్ళి పెన్‌డ్రైవ్ ఇచ్చాను. చివరిదాకా చూసి, "బాగుందమ్మా. మరి ఆ ఆగిపోయే వీడియో ఏదీ? అదీ ఎక్కించివ్వు. మా ఇంట్లోదీ పాత కంప్యూటరే, మనవళ్ళకి పనికొస్తుంది!" అన్నారు.