నా ఎర్ర పోగులకు ఆమె పసుపు

కంపెనీవాళ్లు ఈసారి నా గళ్లు వద్దని మా తోడికోడలు గీసిన గళ్లు తీసుకున్నారన్న కబురు నాకు మొదట చెప్పింది గుడియాత్తంలో అచ్చు అతికే అవ్వ, మగ్గం మీద పోగుకు పోగు కలిపే మనిషి. వేలూరులో మా ఇద్దరి కాపురాలకూ మధ్య ఒక్కటే గోడ. అయినా ఆ కబురు గుడియాత్తం నుంచి ఫోనులో రావలసి వచ్చింది.

"కొత్త పడుగు వచ్చిండాది మ్మా. నీ ఎర్ర పోగులు ఇంక చాలంట. నీకు తెలుసు గదా?"

"తెలుసవ్వా" అన్నాను. తెలియదు.

నేను బడికి పోలేదు. మా నాయన ఇంట్లోనే అక్షరాలు నేర్పాడు, బట్ట కత్తిరించడం అమ్మ దగ్గర పట్టుబడింది. లుంగీ గళ్లతో చేతిసంచులూ చొక్కాలూ గీసి బెంగుళూరు కంపెనీకి పంపితే, స్వామి దయవల్ల వాళ్లకు నచ్చాయి. అప్పటినుంచీ వాళ్ల సంచులన్నీ నా ఎర్ర గళ్లే, బట్ట నేసేది గుడియాత్తంలో. తోడికోడలు చెన్నైలో ఈ గళ్లు గీసే చదువే చదివి వచ్చింది. ఆమెను వాళ్లకు పరిచయం చేసింది నేనే. ఆమెకు మంచి జరగాలని మొక్కుకున్నాను కూడా. ఇంత మంచి జరగాలని మొక్కుకోలేదు.

మరునాడు పూజ ముగించి గుడియాత్తం బస్సెక్కాను. మగ్గం అవ్వ కొడుకుది. నా పడుగు ఇంకొక్క సీజను ఉంచమని అతన్ని అడిగాను.

"అదంతా కంపెనీ ఇష్టం మ్మా. మాకు ఏ గళ్లయినా ఒకటే, నేసేదే గదా" అన్నాడు.

కొత్త గళ్లు వచ్చినప్పుడు మగ్గాన్ని ఖాళీ చేయరు. పాత పడుగు, అంటే నిలువు పోగుల, చివర్లను మగ్గం అచ్చులోనే వదిలి, కొత్త పడుగులోని ఒక్కో పోగునూ వాటికి మెలిపెట్టి, చిన్న ముడిలా అతుకుతారు. అవ్వ బూడిదలో వేళ్లద్దుకుని అదే చేస్తోంది, నా ఎర్ర పోగులకు తోడికోడలి పసుపు పోగులు. ఎదురుగా కూర్చుని పోగులందించే అవ్వ కోడలికి ఆరోజు జ్వరం.

"ఊరికే నిలబడితే యెట్లమ్మా? కూర్చో, పోగందియ్యి" అంది అవ్వ.

కూర్చున్నాను. రంగులు బాగున్నాయి, అదే నా బాధ. పసుపు పక్కన, నాకెన్నడూ తట్టని ఒక సన్నటి తెల్లచార. ఒక్క పోగు దాటేసి పక్కది అందిస్తే చాలు, ఆ చార చెదిరిపోతుంది. నోట్లో నామజపం నడుస్తూనే ఉంది, చెయ్యి మాత్రం తెల్లపోగు మీద ఆగింది.

"ఏం మ్మా, ఆ పోగు నిన్నేమన్నా తిట్టిందా? అట్ల చూస్తాండావు."

నవ్వొచ్చి సరైన పోగే అందించాను.

"నా తోడికోడలికి జడ పొడుగు" అంది అవ్వ, తల ఎత్తకుండానే. "అది సచ్చిపొయ్యి యేండ్లయింది. నాకింకా కుళ్లు తీరలే."

అతుకు దగ్గర నేసిన జానెడు గుడ్డ అమ్మకానికి రాదు. అది అతికినవాళ్లదని అక్కడి వాడుక. ఒకవైపు నా ఎరుపు, నడుమ ముడుల వరస, ఆపైన ఆమె పసుపు. అవ్వ దాన్ని చిన్న సంచీగా కుట్టి నాకే ఇచ్చింది. విరించిపురం గుడి విభూతి అందులో పోసి స్వామి పటం దగ్గర పెట్టుకున్నాను.

తోడికోడలి సంచులు అంగళ్లకొచ్చాయి. ఫోను తెరిస్తే అవే. అందరూ మెచ్చుకుంటుంటే నేనూ మెచ్చుకున్నాను, పళ్లు బిగబట్టి. ఒకరోజు ఆమె మా పూజగదిలో ఆ చిన్న సంచీ చూసింది.

"అక్కా, ఇది యాడిది? ఈ అతుకు శానా బాగుండాది. వచ్చే సీజనుకు ఇదే గీస్తా, ఒకతూరి ఇయ్యి."

"దేవుడిది, ముట్టుకోవద్దు" అన్నాను.

ఆమె గడప దాటగానే తలుపేసుకుని నేనే గీశాను. ఎర్ర గుడ్డ, పసుపు గుడ్డ, రెంటినీ కలుపుతూ నడుమ ముడుల కుట్టు. కంపెనీ ఒప్పుకుంది. నా ఎరుపు మళ్లీ మగ్గమెక్కింది. పసుపు ఆమెది కాబట్టి సంచీ లోపలి చీటీ మీద ఇద్దరి పేర్లూ వేయమన్నాను. నా పేరు ముందు.

అవ్వకు ఇప్పుడు చూపు ఆనడం లేదు, అతకడం మానేసింది. ఆమె పేరూ వేయమంటే, చీటీలో చోటు పట్టదన్నారు కంపెనీవాళ్లు. ఆ సంచీ ఎప్పుడైనా మీ చేతికొస్తే మా పేర్లు చదవకపోయినా పరవాలేదు. నడుమ ముడుల మీద వేలుంచి, ఆ అవ్వను ఒక్కసారి తలచుకోండి.