కమాన్ల మేస్త్రి గారు

మొన్న బుధవారం పొద్దున్నే డ్యూటీకి తయారవుతుంటే మేస్త్రి గారి అమ్మాయి ఫోన్ చేసింది. "నాన్న తెల్లారగట్ల ఎల్లిపోనారండి. మీకు తప్పకుండా సెప్పమని ముందే అన్నారు" అంది. ఫోన్ పెట్టేసి, టిఫిన్ డబ్బా మూత సరిగ్గా పట్టించలేక చాలాసేపు వంటింట్లో నిలబడిపోయాను.

మద్దిలపాలెం బస్సు డిపో వెనక సందులో ఆయనకి ఒక రేకుల షెడ్డు ఉండేది. కమాన్లంటే లారీల కింద బరువు మోసే ఉక్కు పట్టీల కట్టలు. తొంభైల్లో పోర్టుకి తిరిగే లారీల కమాన్లు విరిగితే డ్రైవర్లు వెతుక్కుంటూ అక్కడికే వచ్చేవారట. ఊళ్లో కార్లు పెరిగాక ఆయన వాటి కిందకి కూడా దూరారు. ఆదివారం మాత్రం షెడ్డు తెరిచేవారు కాదు. మడత నలగని తెల్లచొక్కా వేసుకుని చర్చికి వెళ్లేవారు. మిగతా ఆరు రోజులూ ఆయన వేసుకున్న చొక్కా అసలు రంగేమిటో నేను చెప్పలేను.

నాది గోదావరి జిల్లా. స్టీలు ప్లాంటులో ఇంజనీరు ఉద్యోగం వచ్చి ఇక్కడికి చేరాను. మా ఆయన పోర్టులో చేసేవారు. ఆయనకి డ్రైవింగంటే విసుగు, నాకు పిచ్చి. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, ఇంట్లో అందరూ చిన్న కారు చాలన్నా వినకుండా, వెడల్పు టైర్ల ఎర్రటి ఎస్‌యూవీ ఒకటి సెకండ్‌హ్యాండులో కొన్నాను. ఇంజను మహా చురుకు. కానీ మలుపు వచ్చిందంటే బండి మొత్తం ఒక పక్కకి ఒరిగిపోయేది. మా ఆయన తలుపు పైనున్న పిడి పట్టుకుని నావైపు చూసేవారు.

బండిని మేస్త్రి గారి షెడ్డుకి తీసుకెళ్లాను. ఆయన పద్ధతి మీరు చూసి ఉండాల్సింది. బానెట్ ఎత్తరు, చక్రం విప్పరు. ముందుగా వెనక సీట్లో కూర్చుని, కళ్లు మూసుకుని, "పోనియ్యమ్మా" అంటారు. నేను బీచి రోడ్డు దాకా తీసుకెళ్లి తెచ్చాను. దిగాక అన్నారు: "ముందు సీట్లో కూకుంటే ఇంజను తెలుస్తాది. ఎనక కూకుంటే దెబ్బ తెలుస్తాది. రబ్బరు బుష్‌లు అరిగిపోనాయి, షాకబ్సర్లు పోనాయి. అయి మారిస్తే సాలు."

నాకు చాలలేదు. ఒక కార్ల పత్రికలో చదివాను, గట్టి స్ప్రింగులు వేసి బండిని కిందకి దించితే రేసు కారులా మలుపు తిరుగుతుందని. అవే వేయమన్నాను.

"మన రోడ్లకి అయి వొద్దమ్మా."

"ఎందుకొద్దో చెప్పండి మరి."

"సెప్తే తెలీదు. వొద్దంటే వొద్దు."

నాకు రోషం వచ్చింది. "మీకు తెలిసినవి లారీలండి. ఇది వేరే బండి" అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను గానీ అప్పటికే ఆయన ముఖం మారిపోయింది. "మరి లారీలోడి కాడికి ఎందుకొచ్చినావు? ఎల్లమ్మా" అని చేతులు తుడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయారు.

వెళ్లాను. వేరే చోట గట్టి స్ప్రింగులు వేయించుకున్నాను. పాత షాక్ అబ్జార్బర్లు అలాగే ఉంచేశారు, నేనూ అడగలేదు. నున్నటి హైవే మీద బండి ఎంత బాగా తిరిగిందంటే, మేస్త్రి గారి షెడ్డు ముందు నుంచి ఒకసారి పోనివ్వాలనిపించింది.

ఆ వానాకాలంలోనే మా ఆయనతో అనంతగిరి ఘాట్ ఎక్కుతున్నాను. ఒక మలుపులో రోడ్డు గతుకులు పడి ఉంది. వెనక చక్రాలు గతుకు మీద ఎగిరాయి, కిందకి వచ్చి మళ్లీ ఎగిరాయి. ఆ క్షణంలో వాటికి రోడ్డు పట్టే లేదు. బండి వెనక భాగం జారి అడ్డం తిరిగి కొండవైపు కాలవలోకి దిగి, రాయికి గుద్దుకుంది. అవతల లోయ వైపు జారి ఉంటే ఇవాళ ఇది రాయడానికి నేను ఉండేదాన్ని కాదు. మా ఆయన కుడి మణికట్టు విరిగింది. నొప్పిలో కూడా ఆయన, "పోన్లే, సంతకాలు పెట్టే పని తప్పింది" అన్నారు. నేను నవ్వలేకపోయాను. తాళాలు బీరువాలో పెట్టేసి, ఇక బండి ముట్టుకోనని చెప్పేశాను.

పది రోజుల తర్వాత, ఆదివారం మధ్యాహ్నం, మా క్వార్టర్సు గుమ్మంలో మేస్త్రి గారు. చర్చి చొక్కాలోనే, రెండు బస్సులు మారి వచ్చారు. షెడ్డుకి వచ్చిన ఎవరో డ్రైవరు సంగతి చెప్పాడట. మా ఆయన చేతి కట్టు దగ్గరగా వంగి చూశారు. తర్వాత నా వైపు తిరిగారు.

"ఏటమ్మా, బండి నడపడం మానీసినావట?"

"తప్పు నాదేనండి. మీరు వద్దన్నా వినలేదు."

"వొద్దన్నాను. ఎందుకొద్దో సెప్పినానా? కోపమొచ్చి ఎల్లిపొమ్మన్నాను. అడిగినోలికి సెప్పకుండా పంపీడం నా తప్పు. తాళాలియ్యి."

మా ఆయన ఎడమ చేత్తో బీరువా తెరిచి తాళాలు ఇచ్చారు.

రాయి గుద్దిన చోట రేకు పని పూర్తయ్యాక బండి ఆయన షెడ్డుకి చేరింది. సెలవు దొరికినప్పుడల్లా వెళ్లేదాన్ని. ఈసారి ప్రతిదీ చెప్పారు. ముందు నా చేత బంపరు మీద బలంగా నొక్కించి వదిలించారు. బండి ముక్కు కిందా పైకీ ఊగుతూనే ఉంది. "సూసినావా? స్ప్రింగు ఎగరేస్తాది, షాకబ్సరు ఆపుతాది. ఎగరేసేదానికి బలమిచ్చి ఆపేదాన్ని ముసలిదాన్ని ఉంచినారు. సక్రం గాల్లో ఉంటే నీ స్టీరింగు ఎవులు వింటారు?" పత్రికలో ఎన్ని పేజీలు చదివినా నాకు ఎక్కని సంగతి అది.

ఆ గట్టి స్ప్రింగులు తీసేసి, కంపెనీవాటి కంటే కాస్త మాత్రమే బిరుసున్నవి వేశారు. వాటికి తగిన కొత్త షాక్ అబ్జార్బర్లు, ఇనుప కీళ్ల మధ్య కుదుపుని మింగే కొత్త రబ్బరు బుష్‌లు పెట్టారు. బండి ఒరగకుండా ముందు చక్రాలు రెంటినీ కలిపే అడ్డ కడ్డీ కొంచెం లావుది బిగించారు. చక్రాల అలైన్‌మెంటు మూడుసార్లు సరిచూశారు. ఆఖరున నా చేత బంపరు నొక్కించారు. ముక్కు ఒక్కసారి పైకి వచ్చి ఆగిపోయింది. ఆయన కంటే ముందు నేనే చప్పట్లు కొట్టాను.

"ఇప్పుడు ఘాటీకి పద" అన్నారు. ఆయన వెనక సీట్లో కూర్చున్నారు, మా ఆయన కట్టు చేత్తోనే ముందు సీట్లోకి ఎక్కారు. ఆ మలుపుకి ముందు బండి ఆపేశాను. మేస్త్రి గారు తొందరపెట్టలేదు. "నాను దిగి నడుసుకుంటూ రమ్మంటే వొత్తాను. నీ ఇష్టం. కానీ బండి మీద నాకు నమ్మకముంది, నీ మీదా ఉంది" అన్నారు. గేరు వేశాను. అదే గతుకు. చక్రం దిగింది, లేచింది, రోడ్డుని వదలలేదు. మలుపు దాటాక అద్దంలో చూస్తే ఆయన తల పక్కకి వాల్చి నిద్రపోతున్నారు. "మెచ్చుకోవడమంటే అదే" అన్నారు మా ఆయన మెల్లగా.

ఆ తర్వాత ఆయన షెడ్డులో "వొద్దు" అన్న మాట ఒంటరిగా వినపడలేదు. ఎంత మొండివాడు వచ్చినా బంపరు దగ్గరికి తీసుకెళ్లి నొక్కమనేవారు. ప్లాంటులో నా కింద కొత్తగా చేరినవాళ్లు ఎందుకని అడిగితే నాకు విసుగు రాకపోవడానికి కారణం ఆయనే. ఇది ఆయనతో ఎప్పుడూ చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది.

ఈ వేసవిలో ఊపిరితిత్తులు బాగోలేక ఇంటి పట్టున ఉన్నారని తెలిసి చూడ్డానికి వెళ్లాను. మనిషి సగమయ్యారు. ద్రాక్షపళ్లు తీసుకెళితే, "బుష్‌లు కొత్తయి తేవాల్సింది" అని నవ్వి, దగ్గు తెచ్చుకున్నారు. లేవద్దన్నా గేటు దాకా వచ్చారు. గేటు దాటిన కాసింత దూరంలోనే ఒక పెద్ద స్పీడ్‌బ్రేకరు. దాని మీదుగా పోనిస్తూ అద్దంలోకి చూశాను. మేస్త్రి గారు గేటు పట్టుకుని నిలబడి ఉన్నారు. చూపు నా మీద లేదు, నా బండి వెనక చక్రం మీద ఉంది. చక్రం ఎక్కి దిగుతుంటే, దానితో పాటే ఆయన మోకాళ్లు కూడా కొంచెం వంగి, మళ్లీ నిటారుగా నిలిచాయి.