మూత పెట్టని సీసా

ఆ ఫ్యాక్టరీ ల్యాబులో అందరూ ఆవిడను ‘మూతల మేడమ్’ అనేవారు, అదీ ఆవిడకు వినపడనంత దూరంలో. ఇరవై రెండేళ్లుగా ఆవిడ పని రాగి ఉత్ప్రేరకం పొడిని పరీక్షించడం. ఇథిలీన్, యాసిడ్ గ్యాసు, ఆక్సిజన్ కలిసి ప్లాస్టిక్ పైపులకు ముడిసరుకు కావాలంటే ఆ పొడి రియాక్టరులో ఎసరులా తెర్లుతూ ఉండాలి. జిగటెక్కి ఉండ కట్టిందా, ప్లాంటు ఆపుకోవాల్సిందే. అందుకే ఆవిడ పొడిని గాజు గరాటులో పోసి ఎన్ని సెకన్లలో జారుతుందో చూసేది. తేమ తగిలినా అది ముద్ద కడుతుంది. కనుక సీసాకు మూత పెట్టనివాడు ఆవిడ కంటబడితే వాడి పని అయిపోయినట్టే.

రియాక్టరు నడిపేది ఆవిడ సొంత మరిది. బంగారంలాంటి మనిషే గానీ, తాగిన గ్లాసు ఎక్కడ పెట్టాడో గుర్తుండదు. వదినగారు దులిపేయని రోజు లేదు, అతను నవ్వేసి ఊరుకోని రోజూ లేదు.

ఒక వానరోజు పొడి గరాటులోంచి కదల్లేదు. తట్టినా ఉలుకూ పలుకూ లేదు. రిపోర్టు పట్టుకుని ఆవిడే కంట్రోల్ రూముకు వెళ్లింది. యాసిడ్ గ్యాసు ఎక్కువ వదిలితే పొడి అలా అవుతుంది, వదిలే చెయ్యి మరిదిది. ప్లాంటు ఆపే ఏర్పాట్లు చూడమన్నాడు మేనేజరు. రేపటి నుంచి రియాక్టరు దగ్గరికి రావద్దని అతనికి చెప్పేశాడు.

“రియాక్టరులో పొడి బాగానే ఆడుతోంది సార్,” అన్నాడు మరిది.

“మీ వదినగారి లెక్క ఎప్పుడైనా తప్పిందా?”

ఈసారి మరిది నవ్వలేదు. నవ్వకపోవడమే ఆవిడకు గుచ్చుకుంది. ల్యాబుకు వచ్చి, పొద్దున అదే పొడి నింపి సీలు వేసి దాచిన రెండో సీసా విప్పి గరాటులో పోసింది. జరజరా జారిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది ఆవిడకు. పొద్దున పక్క బల్ల మీద ఎవరో సీసాకు మూత పెట్టలేదని గంటసేపు క్లాసు పీకింది. ఆ గంటా తన సీసా నోరు తెరుచుకునే ఉంది.

పరుగున కంట్రోల్ రూముకు వెళ్లింది. “ఆపకండి సార్! పొడి బాగానే ఉంది. సీసాకు మూత...”

మరిది చటుక్కున అందుకున్నాడు. “మూత తీసి వదిలేసింది నేనే సార్. పొద్దున ల్యాబుకెళ్లినప్పుడు. నా మతిమరుపు మీకు తెలిసిందేగా!”

అతను పొద్దుటి నుంచి రియాక్టరు దగ్గర్నుంచి కదల్లేదు. లాగ్‌బుక్కులో గంటగంటకీ అతని సంతకాలే ఉన్నాయి. ఆవిడకు కన్నీళ్లు ఆగలేదు.

“నువ్వూరుకో. ఇవాళ ల్యాబు గడప తొక్కావా అసలు?” అని మేనేజరు వైపు తిరిగింది. “మూత పెట్టనిది నేనే సార్. మా మరిది పొడి బాగుందంటే బాగున్నట్టే. రాసుకోండి.”